బల్ల మీది గుడ్డ

పెద్దమ్మ అలివేలు పోయి నలభై రోజులు.
బీరువా తాళంచెవి ఏ కొంగున ముడేసుకుని పోయిందో
ఇల్లంతా గాలించినా దొరకలేదు.
తాలూకా ఆఫీసువాడికేమో ఒరిజినల్ పట్టా కావాలి.

పెరంబూరు బారక్స్ రోడ్డు నుంచి పెరుమాళ్లు వచ్చాడు.
సైకిలు హ్యాండిలుకి సంచి,
సంచినిండా చెవులు, ఒక్కటీ వినేది కాదు.
చెన్నపట్నం తెలుగు అతనిది, అరవంలో నానబెట్టింది.
"పీరో ఎక్కడుందమ్మా?"

నేను బీరువా అంటాను, అతను పీరో అంటాడు.
పొద్దున పేపర్లో అదే మాట
"మా బ్యూరో" అని టై కట్టుకుని వచ్చింది.
మూడుసార్లు రేవు దిగిన మాట,
దిగినప్పుడల్లా వేరే టోపీ.

పరాయి భాషలు నా కూడు.
అంబత్తూరు కంపెనీకొచ్చే జర్మను ఉత్తరాలు
రోజుకు ఆరు తిప్పి రాస్తాను.
ప్రతి దాని నెత్తినా ఆ మాటే ముద్ర.
వాళ్లకది గది: కాఫీ మరక, కిటికీకి మంచు.
ఇంగ్లండులో వాలుమూత రాతబల్ల.
అమెరికాలో ఓడ దిగాక బట్టల సొరుగులు.
మెక్సికో స్పానిషులో మంచం పక్కన
దీపం పెట్టుకునే బుల్లిబల్ల.
పుట్టిల్లు ఫ్రాన్సు. అక్కడ బల్లా అదే, గదీ అదే,
గదిలో కూర్చుని "రేపు రా" అనే బలమూ అదే.

అంతకు ముందు?
అంతకు ముందు చెక్క కాదు, ఇనుము కాదు.
గుడ్డ.
గొర్రెబొచ్చుతో నేసిన ముతక గుడ్డ,
మఠాల్లో సన్యాసుల ఒంటికి గుచ్చుకునేది.
లెక్కలు రాసే బల్ల మీద పరిచేవాళ్లట.
పరిచి పరిచి, గుడ్డ పేరు బల్లకంటింది,
బల్ల పేరు గదికి, గది పేరు దొరతనానికి.
పోర్చుగలు కొండల్లో మాత్రం
ఆ గుడ్డని ఇంకా గుడ్డ పేరుతోనే కప్పుకుంటారు.
ఇంకా తవ్వితే లాటిన్లో బొచ్చు.
ఇంకా లోపల గ్రీకులో నిప్పు రంగు
అని కొందరు. కాదని కొందరు.
అక్కడ నా నిఘంటువు కూడా గొంతు సవరించుకుంటుంది.

మొన్న తాలూకా ఆఫీసులో చూశాను,
గుమస్తా బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ,
మూలన సిగరెట్టు కాల్చిన చిల్లు.
నా దరఖాస్తు ఆ గుడ్డని తాకిందో లేదో
రెండు వేళ్లతో వెనక్కి జరిపాడు.

ఇదంతా పెరుమాళ్లుకి చెప్పాను.
ఎవరికో ఒకరికి చెప్పాలిగా.
బీడీ చెవిలో పెట్టుకుని విన్నాడు.
"ఫ్రాన్సా? పీరో మా నాయన చేసేదమ్మా.
చూళైలో షెడ్డు. ఆయనే రేకు వంచేది,
ఆయనే పెయింటు కొట్టేది.
నెలకి పదకొండు. పెళ్లిళ్ల నెలయితే ఇరవై.
పేరు కూడా ఆయనే పెట్టాడనుకున్నా ఇన్నాళ్లూ."

అంటూనే సంచిలోంచి తీసి
నా రాతబల్ల మీద పరిచాడు ఒక గొంగడి ముక్క.
ముతకది, నూనె తాగింది,
గొర్రె వాసన ఇంకా వదలనిది.
దాని మీద వరసగా ఉలి, ఆకురాయి, వంకర కొక్కేలు.
"లేకుంటే టేబులు గీసుకుపోతుందమ్మా."

నేనేమీ అనలేదు.

పావుగంట. తర్వాత ఒక చిన్న టిక్కు.
కలరా ఉండల వాసన ముందు బయటికొచ్చింది.
మూడు కంచి చీరలు, ఒంటి కాలి కళ్లజోడు,
జాకెట్టు బొత్తాలున్న బిస్కెట్ల డబ్బా.
పట్టా లేదు.
తాళమైనా వెయ్యని లోపలి లాకరులో
ఎర్రదారానికి కట్టి, భద్రంగా,
ఈ బీరువాదే రెండో తాళంచెవి.

పెరుమాళ్లు పడీపడీ నవ్వి
పాతిక రూపాయలు తగ్గించాడు.
గొంగడి దులిపి, నాలుగు మడతలేసి,
చెవుల సంచిలో కుక్కి వెళ్లిపోయాడు.

బల్ల మీద రెండు మూడు వెంట్రుకలు మిగిలాయి,
తుప్పు పట్టి ఎర్రగా.
ఊదబోయి ఆగాను.
జర్మను ఉత్తరం వాటి మీదే పరుచుకుని
తేదీ దగ్గర్నుంచి మొదలుపెట్టాను.